గాలి మనదే, ఎండ మనదే, కొండ ఎవరిది?

అనంతపురం: బెంగుళూరు పోయే జాతీయ రహదారిపై చెన్నేకొత్తపల్లి దగ్గర పడుతుంటే దూరపు కొండల మీద తెల్లని గాలిమరలు కనిపిస్తాయి. కొత్తగా వచ్చినవారు వాటిని చూసి ముచ్చటపడతారు. ఆ కొండల కింద పుట్టి పెరిగిన గొర్రెల కాపరి చూపు మాత్రం మర మీద కాక, మర దగ్గరకు పోయే బాట మీద ఆగుతుంది. ఆ బాట కోసం కొండను ఎంత కోశారో, కోసిన మట్టి వానకు ఏ వంకలోకి దిగిందో, ఆ వంక ఏ చెరువులో కలుస్తుందో అతనికి తెలుసు.

గాలి నుంచి, ఎండ నుంచి కరెంటు తీయడం మంచిదా, చెడ్డదా అన్న వాదన ఈ ప్రాంతంలో ఇప్పుడు ఎవరూ చేయడం లేదు. మంచిదేనని అందరూ ఒప్పుకుంటున్నారు. ఏ కొండ మీద, ఏ బీడులో, ఎవరిని అడిగి అన్నదే అసలు చిక్కు. ఈ చిక్కు విప్పకుండా ఒకదాని తర్వాత ఒకటిగా పథకాలు వచ్చిపడుతున్నందువల్ల లాభం ఒకరికి, నష్టం ఇంకొకరికి అన్న పరిస్థితి పలుచోట్ల ఏర్పడుతున్నది.

కరువు సీమకు కలిసివచ్చిన గాలి

అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా కష్టమే. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాలలో ఇది ఒకటన్న మాట బడిపిల్లలకు సైతం తెలుసు. వేరుశనగ వేసి ఆకాశం వైపు చూడడం, బోరు వేసి నేల వైపు చూడడం ఇక్కడి రైతుకు తరతరాల అలవాటు. వానను తేలేని గాలి, పంటను మాడ్చే ఎండ ఇంతకాలం ఈ సీమకు శాపాలుగానే ఉండేవి. అవే ఇప్పుడు సొత్తుగా మారాయి.

ఒకప్పుడు బంగారు గనులకు పేరుపడిన రామగిరి కొండల మీద 1990 దశకంలోనే గాలిమరలు తిరగనారంభించాయి. తర్వాత ఉరవకొండ, వజ్రకరూరు, బెళుగుప్ప, కళ్యాణదుర్గం వైపులకు అవి విస్తరించాయి. నంబులపూలకుంట వద్ద 2016లో 250 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం పనిచేయడం మొదలుపెట్టింది. కర్నూలు వైపున గని, శకునాల గ్రామాల పరిధిలో సుమారు 5,900 ఎకరాల్లో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తి అయినది. 2025 మే నెలలో గుత్తి మండలం బేతాపల్లి వద్ద ఎండనూ, గాలినీ కలిపి వాడుకునే భారీ పథకానికి శంకుస్థాపన జరిగింది. 2022 ఏప్రిల్ 4న పాత జిల్లా రెండుగా విడిపోయి, రామగిరి, చెన్నేకొత్తపల్లి, నంబులపూలకుంట శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయాయి. జిల్లాల గీతలు మారినా గాలి, ఎండ, వాటితో వచ్చిన సమస్య ఇరువైపులా ఒక్కటిగానే ఉన్నాయి.

దేశం అవసరం కూడా చిన్నది కాదు. 2030 నాటికి బొగ్గు, డీజిల్ వంటివి మండించకుండా 5 లక్షల మెగావాట్ల సామర్థ్యాన్ని ఏర్పరచుకుంటామని 2021లో గ్లాస్గో సభలో మన ప్రభుత్వం ప్రకటించింది. బొగ్గు పొగ వల్ల కలిగే చేటు, గతి తప్పుతున్న రుతువులు అందరికన్న ముందు తగిలేది మెట్ట రైతుకే. అందుచేత గాలిమరను, సోలార్ పలకను శత్రువులుగా చూడవలసిన అవసరం ఏ గ్రామానికీ లేదు.

రికార్డులో బంజరు, ఊరికి బతుకు

అయితే ఈ పథకాలకు స్థలం వెదికేటప్పుడు అధికారుల కన్ను మొదట పడేది రెవెన్యూ రికార్డులో బంజరు, పోరంబోకు, అనాధీనం అని రాసి ఉన్న భూముల మీద. పంట పొలాలను వదలి పనికిరాని భూమిని వాడుకోవడం న్యాయమే కదా అన్నది వారి వాదన. వినడానికి సబబుగానే ఉన్నది. ఆ పనికిరాని భూమి నిజంగా ఎవరికీ పనికిరాదా అన్న ప్రశ్న మాత్రం అడిగేవారు తక్కువ.

రికార్డులో బంజరు అంటే శిస్తు రాని భూమి అని అర్థం. తెల్లదొరల కాలం నుంచి వస్తున్న లెక్క అది. ఆ నేల మీద గడ్డి మొలిచినా, చెట్టు పెరిగినా, ఊరి మందలన్నీ అక్కడే బతికినా శిస్తు రాదు గనుక అది బంజరే. ఇప్పుడు హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహాల సాయంతో తయారుచేసే బంజరు భూముల పటాలు కూడా పొద పెరిగిన నేల, రాతి గుట్ట వంటి వాటిని ఆ పేరు కిందనే చూపుతున్నాయి. ఆకాశం నుంచి చూస్తే గుట్ట కనిపిస్తుంది. ఆ గుట్ట ఎవరి గొర్రెకు ఏ నెలలో మేత ఇస్తుందో కనిపించదు.

పాత అనంతపురం జిల్లా గొర్రెల పెంపకానికి రాష్ట్రంలోనే పేరెన్నికగన్నది. కురుబలు మొదలుకొని అనేక కులాల వారికి మందలే ఆధారం. సెంటు భూమి లేనివాడు కూడా ఊరి బీడును నమ్ముకొని నలభై గొర్రెలు సాకగలడు. ఎండకాలంలో ఆ మందలను చేలలో కట్టించుకొనే రైతుకు ఎరువు దక్కుతుంది. వంటచెరకు, ఈత బరికెలు, చీపురు గడ్డి, సీతాఫలాలు, మందు మూలికలు ఇవన్నీ ఆ నేల మీదివే. పైగా కొండ మీద పడిన వాన నీరు ఆ గడ్డిలో ఆగి, వంకలోకి దిగి, చెరువు నింపుతుంది. ఇన్ని పనులు చేసే నేలను పనికిరానిదని రాసుకోవడం కలం చేసిన తప్పే గాని నేల చేసిన తప్పు కాదు.

కల్పవల్లి కొండల్లో జరిగినదేమి?

ఈ తప్పుకు ఎంత ఖరీదు చెల్లించవలసి వస్తుందో చెన్నేకొత్తపల్లి, రొద్దం ప్రాంతంలోని కల్పవల్లి కొండలే చెబుతాయి.

ముప్ఫై ఏళ్ళ కిందట ఇవి బోడి కొండలు. చెట్లు కొట్టుకుపోగా, నిప్పు పడి గడ్డి కాలిపోగా రాయి తేలిన నేల మిగిలింది. 1990 దశకం తొలి ఏళ్ళలో ముష్టికోవెల గ్రామ పెద్దలు, టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ కలసి ఈ కొండలను బాగుచేసే పనికి పూనుకున్నారు. చుట్టుపక్కల ఊళ్ళు ఒక్కటొక్కటిగా చేరాయి. మొక్కలు తెచ్చి నాటిన దానికన్న, ఉన్నదానిని కాపాడి తనంత తానుగా పెరగనివ్వడమే ఇక్కడ ముఖ్యంగా జరిగింది. ఎండకాలంలో నిప్పు అంటకుండా కావలి పెట్టారు. గింజలు చల్లారు. గొడ్డలి పడకుండా కట్టుబాటు చేసుకున్నారు. మందలను పూర్తిగా ఆపకుండా, మేపే పద్ధతిని ఊళ్ళవారే కూర్చుని నిర్ణయించుకున్నారు.

పాతికేళ్ళు కూడా తిరగకుండానే 7,000 ఎకరాలకు పైగా నేల పచ్చబడింది. వంకల వెంబడి ఈత వనాలు లేచాయి. ఇళ్ళ కప్పులకు పనికివచ్చే బోద గడ్డి తిరిగి వచ్చింది. గడ్డి కోత, ఈతాకు చాపలు, చీపుళ్ళ వల్ల పేదలకు పని దొరికింది. తోడేళ్ళు, చిరుతలు కూడా మళ్ళీ కనిపించాయి. ఊళ్ళవారు 2008లో సహకార సంఘంగా కూడా ఏర్పడినారు. రెవెన్యూ రికార్డులో మాత్రం ఆ నేల పేరు మారలేదు. బంజరు బంజరుగానే ఉండిపోయింది.

ఆ దశలో నల్లకొండ పవన విద్యుత్ పథకం వచ్చింది. మొత్తం 63 గాలిమరలు, ఒక్కొక్కటి 0.8 మెగావాట్లు, వెరసి 50.4 మెగావాట్లు. వాటిలో చాలా భాగం కల్పవల్లి కొండల మీదనే నిలిచాయి. మర నిలిచే చోటు కొద్దిపాటిదే. కాని పెద్ద రెక్కలను, ఉక్కు గొట్టాలను మోసుకొచ్చే లారీలకు మలుపులు తిరిగే వెడల్పాటి బాటలు కావాలి. ఆ బాటల కోసం కొండల నెత్తిని, వాలును కోశారు. చెట్లు పోయాయి. తవ్వి పోసిన మట్టి వానకు జారి వంకల్లోకి చేరింది. వాన నీరు గడ్డిలో ఇంకే దారి మారిపోయింది. నిటారుగా కోసిన గట్ల వల్ల మందలు ఒక కొండ నుంచి మరొక కొండకు దాటే పాత దారులు తెగిపోయాయని కాపరులు వాపోయారు.

ఏళ్ళ తరబడి పడిన కష్టాన్ని లెక్కలోకి తీసుకొనే నిబంధన ఏదీ అప్పుడు అడ్డు రాలేదు. రికార్డులో అది అడవి కాదు గనుక 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం అనుమతి అక్కరలేకపోయింది. పర్యావరణ ప్రభావ అంచనాకు సంబంధించిన 2006 నాటి ప్రకటన జాబితాలో గాలిమరల పథకాలు లేవు గనుక ఆ పరిశీలన, ప్రజాభిప్రాయ సేకరణ కూడా జరగవలసిన పని లేకపోయింది. 2013లో ఈ వ్యవహారం చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచి ముందుకు వెళ్ళింది. దేశమంతటా దీని గురించి చర్చ జరిగింది. గాలిమర పొగ లేనిదైనా, దానికి పోయే బాట వల్ల హాని ఉండవచ్చునన్న సంగతి కల్పవల్లితో పలువురికి తెలిసివచ్చింది.

ఇక్కడ గమనించవలసినది మరొకటి ఉన్నది. కొండ మీద మర వద్దని కాక, బాట ఎటు పోవాలో, వంకకు ఎంత దూరంలో ఆగాలో, తవ్విన మట్టి ఎక్కడ పోయాలో ఊరి వారిని ముందే కూర్చోబెట్టి అడిగి ఉంటే నష్టంలో చాలా భాగం తప్పేది. ఆ కొండలో ఏ వాలు మీద నీరు ఎటు పారుతుందో వారికన్న బాగా తెలిసిన ఇంజనీరు లేడు.

గాలిమర వేరు, సోలార్ పలక వేరు

రెండింటినీ ఒకే గాటన కట్టడం పొరపాటు. గ్రామస్తులు ఈ తేడాను ముందుగా తెలుసుకోవలసి ఉన్నది.

గాలిమర ఎత్తులో స్థలం ఆక్రమిస్తుంది. నేల మీద దానికి కావలసినది పునాది, బాట, తీగల స్తంభాలు. ఒకసారి నిలిచిన తర్వాత దాని కింద వేరుశనగ వేయవచ్చు, గొర్రెలు మేపవచ్చు. ఉరవకొండ వైపు చేలల్లో మరల కింద సేద్యం జరుగుతూనే ఉన్నది. చేనులో మర వచ్చినచోట గొడవ తక్కువ, కొండ నెత్తిన వచ్చినచోట ఎక్కువ. కారణం బాటే.

సోలార్ పలక నేల మీద పరచుకుంటుంది. గని, శకునాల పార్కు లెక్క చూస్తే మెగావాటుకు దాదాపు 6 ఎకరాలు పడుతున్నాయి. చుట్టూ కంచె, గేటు, కావలివాడు. ఒకసారి కంచె పడిన తర్వాత లోపల మందకు మేత లేదు, ఊరివారికి నడకదారి లేదు. వంకకు అడ్డుగా కంచె పడితే నీటి దారి కూడా మారుతుంది. దుమ్ము పేరుకున్న పలకలను కడగడానికి నీరు వాడితే, తాగునీటికే కటకటలాడే ఊళ్ళలో అది మరో పేచీ. ఈ కారణంగానే నీరు లేకుండా బ్రష్షులతో తుడిచే యంత్రాలు ఇప్పుడు వాడుకలోకి వస్తున్నాయి. కొత్తగా వచ్చే పార్కులలో వీటిని తప్పనిసరిగా పెట్టించవలసిన అవసరం ఉన్నది.

పావగడ కౌలు లెక్క

జిల్లాకు ఆనుకొని ఉన్న కర్ణాటకలోని పావగడ తాలూకా మాట, బంధుత్వం, కరువు అన్నింటా మనకు దగ్గరే. అక్కడి ఐదు గ్రామాల పరిధిలో సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వెలసింది. 2018లో కరెంటు ఇవ్వడం మొదలైంది. అక్కడి ప్రత్యేకత ఏమంటే రైతుల భూమిని కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్ళకొకసారి 5 శాతం పెంపు, గడువు 28 ఏళ్ళు. భూమి పట్టా రైతు పేరనే ఉంటుంది.

వాన లేక బీడుపడ్డ చేనుకు ఇంటికూర్చుని ఎకరాకు 21,000 రావడం చిన్న సంగతి కాదు. పదెకరాల ఆసామికి 2 లక్షల 10 వేలు వచ్చాయి. అప్పులు తీర్చినవారు, పిల్లలను చదివించుకున్నవారు ఉన్నారు. భూమిని అమ్మి పోగొట్టుకోవడం కన్న ఈ పద్ధతి మేలని రైతులు అనడంలో నిజమున్నది.

అయితే లెక్క పూర్తిగా వేసి చూడాలి. రెండేళ్ళకు 5 శాతం చొప్పున పెరుగుతూ పోతే 28వ ఏడాదిన కౌలు ఎకరాకు సుమారు 39,600 రూపాయలు అవుతుంది. అంటే 28 ఏళ్ళలో రెట్టింపు కూడా కాదు. ఈ 28 ఏళ్ళలో కూలి, బియ్యం, బడి ఫీజు ఎంత పెరుగుతాయో ఎవరికి వారు ఊహించుకోవచ్చు. 28 ఏళ్ళ కిందటి ధరలు గుర్తున్న ప్రతి పెద్దమనిషికీ ఈ లెక్క ఇట్టే అర్థమవుతుంది.

రెండవ సంగతి, కౌలు వచ్చేది భూమి ఉన్నవాడికే. ఆ చేలలో కలుపు తీసి, కాయ కోసి బతికిన కూలీలకు కౌలులో వాటా లేదు. వారికి దొరికినవి పలకలు తుడిచే పని, గడ్డి కోసే పని, కావలి పని. అవీ కొందరికే. మేత కంచె లోపలికి పోయినందువల్ల మందలను అమ్ముకున్న కాపరులు ఉన్నారు. పట్టాదారు బాగుపడి, పట్టా లేనివాడు వలసపోతే ఆ ఊరు బాగుపడిందనడం ఎట్లా?

మూడవ సంగతి, కౌలు పద్ధతిలో భూమి తీసుకుంటే 2013 నాటి భూసేకరణ చట్టం కింద జరగవలసిన సామాజిక ప్రభావ అంచనా అవసరం పడదు. భూమి లేనివారి నష్టం ఎక్కడా కాగితం మీదికి రాదు. ఈ లోటును పూరించవలసినది గ్రామసభే.

పిట్టలకు కూడా చోటు కావాలి

గడ్డి బీడు అక్కరకు వచ్చేది మందలకు మాత్రమే కాదు. ఇప్పటి నంద్యాల జిల్లాలోని రోళ్ళపాడు వద్ద బట్టమేక పిట్ట కోసం 1988లో సంరక్షణ కేంద్రం ఏర్పాటయింది. ఒకప్పుడు మన మెట్ట భూముల్లో తిరిగిన ఈ పెద్ద పిట్ట క్రమేణా కనుమరుగైపోయింది. రోళ్ళపాడులో దీనికి కారణం కరెంటు తీగలు కావు. గడ్డి నేల తరిగిపోవడం, చుట్టూ సేద్యం, కాలువలు పెరగడం ముఖ్య కారణాలు. కాని దేశంలో మిగిలిన కొద్దిపాటి బట్టమేకలు ఎక్కువగా ఉన్న రాజస్థాన్‌లో మాత్రం ఎండ, గాలి కరెంటును మోసే తీగలకు తగిలి అవి చనిపోతున్నాయి. బరువైన పిట్ట కావడం, ఎదురుగా ఉన్నది సరిగా కనిపించకపోవడం వల్ల తీగను తప్పించుకోలేదు. ఈ విషయంలో సుప్రీంకోర్టు 2021లో తీగలను భూమిలోపల వేయాలని ఆదేశించింది. అంతటా అది సాధ్యం కాదని ప్రభుత్వం చెప్పుకోగా 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సవరించి నిపుణుల సంఘాన్ని వేసింది. కరెంటు కావాలి, పిట్టా ఉండాలి అన్న పేచీలో దేశపు పెద్ద న్యాయస్థానమే తూకం వెదుకుతున్నదంటే, మన ఊళ్ళు కూడా తూకం అడగడం తప్పు కాదు.

నిబంధనలు ఏమంటున్నవి?

చట్టం చేతిలో ఏమీ లేదని గ్రామస్తులు నిరాశపడనక్కరలేదు. గాలిమరల విషయంలో కేంద్ర ప్రభుత్వం 2016 అక్టోబరులో మార్గదర్శక సూత్రాలు ప్రకటించింది. వాటి ప్రకారం మోత బాధ లేకుండా నివాస గృహాలకు 500 మీటర్ల లోపు గాలిమర నిలపరాదు. బాటలకు, రైలు పట్టాలకు, భవనాలకు, పెద్ద కరెంటు లైన్లకు కూడా మర ఎత్తును, రెక్కల పొడవును బట్టి దూరం పాటించాలి. ఊరిని ఆనుకొని మర వస్తున్నదన్నప్పుడు టేపు పట్టి కొలవమని అడిగే హక్కు ఊరికి ఉన్నది.

ఊరుమ్మడి భూముల విషయంలో 2011 జనవరి 28న సుప్రీంకోర్టు జగ్‌పాల్ సింగ్ కేసులో ఇచ్చిన తీర్పు ముఖ్యమైనది. చెరువులు, మేత భూములు, కళ్ళాలు వంటివి ఊరి అందరి ఉపయోగానికి ఉన్నవనీ, వాటిని ఆక్రమణల నుంచి విడిపించి ఊరికి అప్పగించాలనీ ఆ తీర్పు రాష్ట్ర ప్రభుత్వాలను ఆదేశించింది. మేత పోరంబోకు మీద కంచె పడబోతున్నదని తెలిసినప్పుడు తహసీల్దారు కార్యాలయంలో ఇచ్చే అర్జీలో ఈ తీర్పును పేర్కొనవచ్చు.

సంతకానికి ముందు

కంపెనీ మనుషులు కారులో వచ్చి, ఇంటింటికీ తిరిగి, ఎదురింటి ఆయన సంతకం పెట్టాడని ఈ ఇంట్లో, ఈ ఇంట్లో పెట్టారని ఎదురింట్లో చెప్పడం కొత్త కాదు. మాట నమ్మి కాగితం చదవకుండా వేలిముద్ర వేయడం గాలిలో దీపం పెట్టడం వంటిది. ఏ ఒక్కరూ విడిగా సంతకం చేయకముందే గ్రామసభలో ఈ విషయాలు తేల్చుకోవడం మంచిది:

ఒకటి: అడుగుతున్న సర్వే నంబర్లు ఏవి, వాటిలో పట్టా ఎంత, డీకేటీ పట్టా ఎంత, మేత పోరంబోకు ఎంత. పటం తెలుగులో గోడకు అంటించాలి. డీకేటీ భూమి మీద ఉన్నవారి పేరు రికార్డులో ఉందో లేదో ముందే చూసుకోవాలి. పేరు లేనివాడికి పరిహారం రాదు.

రెండు: వంకలు, వాగులు, చెరువులకు నీరు వచ్చే దారులు, మందలు పోయే దారులు, శ్మశానం, గుడి దారి ఇవన్నీ పటంలో గీసి, వాటిని వదలి మిగిలినచోట మాత్రమే కంచె, బాట వేయాలని కాగితం మీద రాయించాలి.

మూడు: కౌలు ఎంత, ఎన్నేళ్ళకు ఎంత పెంపు, ఏ తేదీకి ఖాతాలో పడుతుంది, ఆలస్యమైతే వడ్డీ ఎంత, కంపెనీ చేతులు మారితే కొత్త యజమాని బాధ్యత ఏమిటి.

నాలుగు: భూమి లేని కూలీలకు, కాపరులకు ఏమిస్తారు. పనుల్లో ఎందరిని, ఎన్నాళ్ళకు తీసుకుంటారు. కంచె లోపలి గడ్డిని కోసుకొనే హక్కు ఊరికి ఉంటుందా.

ఐదు: నీరు ఎక్కడిది. బోరు వేసి పలకలు కడిగితే పక్క రైతు బోరు ఎండదా.

ఆరు: గడువు తీరిన తర్వాత పలకలు, పునాది కాంక్రీటు, తీగలు ఎవరు తీసివేస్తారు. మర గాని పలక గాని పాతికేళ్ళ వయసు కలది. అప్పటికి సంతకం పెట్టిన రైతు ఉండవచ్చు, ఉండకపోవచ్చు. కొడుకు చేతికి వచ్చేది దున్నే నేలా, కాంక్రీటు దిమ్మెలా అన్నది ఈనాడే తేలాలి.

రెండూ నిలిచే దారులు

పెద్ద పార్కు ఒక్కటే దారి అనుకోవడం కూడా సరికాదు. కేంద్ర ప్రభుత్వం 2019లో ప్రారంభించిన కుసుమ్ పథకంలో రైతు గాని, రైతుల సంఘం గాని తమ బీడు భూమిలో సబ్‌స్టేషన్‌కు 5 కిలోమీటర్ల లోపు 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల వరకు సౌర కేంద్రం పెట్టుకొని కరెంటు అమ్ముకొనే వీలు ఉన్నది. పది పన్నెండు ఎకరాలతో అయిపోయే పని ఇది. కొండను కోయనక్కరలేదు, ఊరంతటికీ కంచె పడదు, లాభం ఊళ్ళోనే ఉంటుంది. పెట్టుబడి, బ్యాంకు అప్పు దగ్గర రైతు ఆగిపోతున్నాడు. అక్కడ చేయూత ఇవ్వవలసినది ప్రభుత్వం.

ఇళ్ళ కప్పుల మీద, ప్రభుత్వ భవనాల మీద, గోదాముల మీద, కాలువల మీద పలకలు పరిస్తే అంతమేరకు నేల మిగులుతుంది. పలకలను ఎత్తుగా, ఎడంగా నిలిపి వాటి కింద నీడ ఓర్చుకొనే పంటలు పండించడం, గొర్రెలను మేపి గడ్డి అదుపు చేయడం పలు దేశాల్లో జరుగుతున్నది. గొర్రెలకు కొదవలేని మన సీమలో కంచె లోపల గడ్డిని యంత్రంతో కోయించి, బయట మందలను ఆకలికి వదలడం తెలివైన పని అనిపించుకోదు.

కొండల విషయంలో మటుకు గట్టి కట్టుబాటు అవసరం. ఊరివారు పెంచిన వనాలు, చెరువులకు నీరిచ్చే కొండవాలులు, మందల మేత భూములు ఏవో గ్రామసభల ద్వారా గుర్తించి, రెవెన్యూ రికార్డులో ఆ ఉపయోగాన్ని రాయించడం మొదటి పని. ఆ పని జరిగితే కంపెనీకి కూడా మేలే. ఎక్కడ పేచీ ఉన్నదో, ఎక్కడ లేదో ముందే తెలుస్తుంది. కోర్టుల చుట్టూ తిరిగే ఖర్చు తప్పుతుంది. తక్కిన బీడులలో, చేలలో, ఊరు ఒప్పుకున్నచోట మరలు తిరగవచ్చు, పలకలు మెరవవచ్చు.

ఈ ప్రాంతంలో పుట్టే కరెంటు తీగల మీద ఎక్కడెక్కడికో పోతున్నది. పోనివ్వండి, దేశానికి కావలసిందే. కాని ఆ తీగ కింద ఉన్న ఊరికి చెరువు నిండాలి, మందకు మేత దొరకాలి, కూలికి పని ఉండాలి. గాలి ఎవరినీ అడగకుండా వీస్తుంది. కొండ మీదికి బాట వేసేవారు మాత్రం కొండ కింద ఉన్నవారిని అడిగి వేయవలసి ఉన్నది. అధికారులు ఈ దిశగా శ్రద్ధ వహించి, ప్రతి పథకానికి ముందు గ్రామసభ జరిపి తీరాలన్నది కొండల కింది ఊళ్ళ కోరిక.